'జస్టిఫికేటరీ', 'జస్టిఫయబుల్' రెండూ ఒకటేనా?

ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్. ఫిలాసఫీ వ్యాసం ఒకటి చదువుతుంటే 'జస్టిఫికేటరీ రీజన్' అని పదే పదే వస్తోంది, డిక్షనరీలో సమర్థించే, సమర్థనకి పనికొచ్చే అని ఉంది, అంతవరకు ఓకే. కానీ 'జస్టిఫయబుల్' అంటే సమర్థించదగిన పని కదా, ఇదేమో ఆ పనిని వెనకేసుకొచ్చే కారణానికో వాదనకో వాడతారని నాకర్థమైంది, కరెక్టేనా? అంటే ఒకడు కోపంలో పక్కింటి తలుపు పగలగొట్టాడనుకోండి, కోపం వల్ల ఎందుకు పగలగొట్టాడో తెలుస్తుంది అంతే, అదే లోపల మంటల్లో పిల్లాడు ఇరుక్కున్నాడు కాబట్టి అంటే అప్పుడది జస్టిఫికేటరీ రీజన్ అవుతుందా? ఇంకోటి, మామూలు మాటల్లో ఇది ఎవరైనా వాడతారా లేక లా, ఫిలాసఫీ పుస్తకాల వరకేనా? నాకైతే 'జస్టిఫైయింగ్' అని రాసేస్తే పోయేదానికి ఇంత పెద్ద పదం దేనికో అనిపిస్తోంది, పైగా ఎక్కడ నొక్కి పలకాలో కూడా తెలీట్లేదు.