మంచులో మూస్‌ని ఎలా వేటాడేవాళ్లు?

ప్రశ్న: తుపాకులు రాకముందు కెనడా అడవుల్లో క్రీ తెగవాళ్లు మూస్‌ని ఎలా కొట్టేవాళ్లు? గుర్రమంత ఎత్తుండే దుప్పి కదా, మంచులో దాని వెంట పడగలమా?

జవాబు 1: మంచే సాయం అండీ. చలికాలం చివర పగలు పైపొర కరిగి, రాత్రి గడ్డకడుతుంది. స్నోషూ (మంచులో దిగబడకుండా కాళ్లకు కట్టుకునే వెడల్పాటి అల్లిక చట్రం) తొడుక్కున్న మనిషిని ఆ పొర మోస్తుంది. నాలుగైదు వందల కిలోల మూస్ మాత్రం అడుగడుక్కీ దిగబడి, కాళ్లు గీరుకుపోయి ఆగిపోతుంది. ఆపైన బల్లెం చాలు.

జవాబు 2: గాలి సంగతి వదిలేశారేం? మేశాక మూస్ వెనక్కి తిరిగొచ్చి, తన జాడకు గాలివాలున పడుకుంటుంది. జాడ పట్టుకుని వచ్చేవాడి వాసన దానికి ముందే తెలుస్తుంది. అందుకే వేటగాడు గాలివాలు వైపు నుంచే అర్ధచంద్రాకారంలో తిరుగుతూ, మధ్యమధ్యలో జాడను చూసుకుంటాడు. జాడ కనపడలేదా, దాన్ని దాటి వచ్చేసినట్టు, జంతువు వెనకే ఉన్నట్టు! నా దృష్టిలో అసలు తెలివి ఇదే, బల్లెం కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి మంచు పడకముందు?

జవాబు 2: సెప్టెంబరులో ఎద కాలం. బిర్చ్ చెట్టు బెరడుతో చేసిన బూరాతో ఆడమూస్‌లా మూలిగితే మగది తనే వస్తుంది.