1942 తెనాలి కథ: తెల్లదొర ఒక్కడైనా లేకపోతే ఎలా?

పార్సిల్ గుమాస్తా:
నేను రాస్తున్న కథ 1942 ఆగస్టులో తెనాలిలో జరుగుతుంది. కథానాయకుడు రైల్వే స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం అయిన నాలుగో రోజున, ఆగస్టు 12న, జనం స్టేషన్ తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ ఏడుగురి స్మారకం ఉన్న రణరంగ చౌక్ మీదుగా నడిచే తెనాలి వారికి ఇదంతా తెలిసిందే. నా గుమాస్తా ఆ గుంపులో లేడు, పోలీసుల పక్కనా లేడు. ఎవరో తల్లి కొడుక్కి పంపిన నేతి డబ్బా మంటల్లో కాలిపోతుందే, లోపలికి వెళ్లి తీసుకురానా అని తటపటాయిస్తుంటాడు. కథ అంతే.

చదివిన మిత్రుడు పెదవి విరిచాడు. "తెల్లవాడు లేని స్వాతంత్ర్య పోరాట కథ ఏమిటి? నాకు ఎవరి మీద కోపం రావాలి?" అన్నాడు. అతని కోసం ఒక దొరను గుర్రమెక్కించి, చేతికి కొరడా ఇచ్చి చూశాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. మీరేమంటారు?

గోదావరి గట్టు:
దొరను దింపేయండి, గుర్రాన్ని కూడా తోలేయండి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాను వాళ్లు బాంబులు వేసినప్పుడు మా నాయనమ్మకు పన్నెండేళ్లు. బండి కట్టుకుని ఊరు వదిలిన సంగతి పూసగుచ్చినట్టు చెప్పేది, ఆవకాయ జాడీని పెరట్లో పాతిపెట్టడంతో సహా. అందులో ఇంగ్లీషువాడు ఒక్కడూ లేడు. "దొరతనం" అనేది, అదీ సర్కారునే. శిస్తు వసూలు చేసేది మన మునసబు, లెక్క రాసేది మన కరణం. పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లలో ఎందరు తెల్లవాణ్ణి దగ్గరగా చూశారంటారు?

పాత పంచాంగం:
కథ సంగతి తర్వాత. మీరు పోయిన నెలలో పంచుకున్న మొదటి పేజీల్లో గుమాస్తా చిల్లు కానీ ఇచ్చి కిళ్లీ కొన్నాడు. నడుమ చిల్లున్న ఆ కానీలు 1943లో గానీ రాలేదు. హోటల్లో విజయవాడ రేడియో మోగింది. ఆ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరులో. వినిపించాలంటే మద్రాసు కేంద్రం వినిపించండి, ఊరిని బెజవాడ అనండి. బావమరిది "మాది ప్రకాశం జిల్లా" అన్నాడు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోదే. వేరే జిల్లా అయింది 1970లో, ప్రకాశం గారి పేరు పెట్టింది 1972లో.

ఇక మీకు దొర కావాలంటే గడియారంలో వెతకండి. యుద్ధం పేరు చెప్పి 1942 సెప్టెంబరు 1న గడియారాలన్నీ గంట ముందుకు జరిపించారు. 1945 అక్టోబరు దాకా అదే లెక్క. మీ స్టేషన్ కాలి అప్పటికి మూడు వారాలైనా కాలేదు.

మిరపకాయ్ బజ్జీ:
ఏడుగురు చనిపోయిన చోట నేతి డబ్బా మాత్రమే కనిపిస్తే, చూపు తక్కువ గుమాస్తాకు కాదు, రచయితకు. దొర వద్దంటే మానేయండి, కోపం మాత్రం మానేయకండి. తుపాకీ పట్టుకున్న కానిస్టేబులు "పోండిరా, పోండి" అని తెలుగులోనే అరిచాడనుకోండి. అప్పుడు మీ మిత్రుడు ఎవరి మీద కోపగించుకుంటాడో చూద్దాం.

పార్సిల్ గుమాస్తా:
కొరడా దొర పోయాడు. చిల్లు కానీ పోయినందుకు మాత్రం బాధగా ఉంది, ఆ వాక్యం బాగా కుదిరింది. గడియారం తీసుకున్నాను. సెప్టెంబరు 1 మంగళవారం కదా, రాత్రి ఇలా రాశాను:

"మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భార్య ఇంకా పొయ్యి రాజేయలేదు. ఏడయింది, దీపం పెట్టలేదేం అన్నాడు. ఆవులు ఇంకా ఇంటికి రాలేదు, ఏడెలా అవుతుందండీ అంది ఆమె. అతను గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆడుతూనే ఉంది. అటక మీద నేతి డబ్బా మసి తుడవకుండా అలాగే ఉంది. చీటీ మీద ఊరి పేరు కాలిపోయి, ఇంటిపేరు ఒక్కటే మిగిలింది."

బజ్జీ గారూ, మీ కానిస్టేబులు మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. రోజూ ఆ కిళ్లీ కొట్టు దగ్గరే గుమాస్తా చుట్ట మీద తన చుట్ట అంటించుకునే మనిషి అతనే అయితే?