పదమూడుని "పన్నెండూ ఒకటి" అనే పిల్లలకి లెక్కలు ఎలా చెప్పాలి?

సీతంపేట టీచర్:
అందరికీ నమస్కారం. సీతంపేట మన్యంలో కొండమీద ఊరి బడిలో పనిచేస్తున్నాను. ఒకటి, రెండు తరగతులు కలిపి 14 మంది, అందరూ సవర పిల్లలే. తెలుగు వాళ్ల చెవిన పడేది బడికొచ్చాకే.

మొన్న చింతగింజలు లెక్కపెట్టిస్తున్నాను. ఒక పాప వాళ్ల భాషలో పన్నెండు దాకా గడగడా చెప్పింది. పదమూడో గింజ దగ్గర మళ్లీ పన్నెండు మాటే వినపడింది, "మిగ్గెల్‌బొయ్" అంది. తప్పమ్మా అని గింజ వెనక్కి పెట్టించాను. మళ్లీ అదే మాట. మూడోసారి చేతులు వెనక్కి పెట్టేసుకుని ఇక నోరు విప్పలేదు. మధ్యాహ్న భోజనం వండే అక్క గుమ్మంలోంచి చూసి, "సరిగ్గానే చెప్తోంది టీచర్‌గారూ, మిగ్గెల్ అంటే పన్నెండు, దానిమీద ఒకటి" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాకు సవర నాలుగు మాటలు కూడా రావు. తల్లిదండ్రులేమో మా భాష ఇంట్లో ఉందిగా, తెలుగు, ఇంగ్లిషు నేర్పండి అంటున్నారు. వాళ్ల లెక్కతో మొదలుపెడితే పిల్లలు వెనకబడతారా? చేసి చూసినవాళ్లుంటే చెప్పండి.

ఉట్నూరు రిటైర్డ్ మాస్టారు:
మేడమ్, నేను 26 ఏళ్లు గోండు గూడేల్లో పాఠాలు చెప్పాను. వెనకబడరు. మా వైపు ఇది పాత దారే. 1940ల్లో మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయి అనే గోండు గూడెంలో ఉంటూ గోండు కుర్రాళ్లకే శిక్షణ ఇప్పించి పంతుళ్లను చేశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, గోండి, కోయ, కొలామితో సహా 8 భాషల్లో బడి పుస్తకాల పని మొదలైంది. మీ మండలంలో ఏ బీరువాలోనైనా సవర వాచకం ఉందేమో అడిగి చూడండి.

గోండి తెలుగుకి చుట్టం, ద్రావిడ భాషే. సవర ముండా భాష, పూర్తిగా వేరే కుటుంబం. మా పిల్లలకి తెలుగులో అక్కడక్కడా తెలిసిన మాట తగిలేది, మీ పిల్లలకి అదీ ఉండదు. తొందరపెట్టకండి. ఆ వంట అక్కని రోజూ అరగంట తరగతిలో కూర్చోబెట్టుకోండి.

భామిని నుంచి:
టీచర్‌గారూ, నేను సవరవాణ్ని. మా లెక్క పన్నెండుతోనూ ఇరవైతోనూ నడుస్తుంది. 39 అంటే ఇరవై, పన్నెండు, ఏడు. మూడో తరగతిలో ఇలా చెప్పినందుకు నాకు మొట్టికాయలు పడ్డాయి. ఎందుకలా అన్నావని మా సారు ఒక్కసారి కూడా అడగలేదు. మీరు అడిగారు, చాలా సంతోషం.

కొండచీపురు పుల్లలు తెప్పించండి. ముందు పన్నెండేసి కట్టలు కట్టమనండి. సంతలో అరటిపళ్లు డజన్లలో అమ్మడం వాళ్లు చూసే ఉంటారు, అదీ గుర్తు చేయండి. తర్వాత అవే కట్టలు విప్పి పదేసి కట్టించండి. పుల్లలు అన్నే ఉన్నాయని వాళ్ల కళ్లకే కనపడుతుంది.

మా మాటల్లో గొంతు దగ్గర చటుక్కున ఆగే ధ్వని ఒకటుంది, తెలుగులో దానికి అక్షరం లేదు. గిడుగు రామమూర్తిగారు మావాళ్ల దగ్గరే సవర నేర్చుకున్నారు, 1931లో మా భాషకి వ్యాకరణం వచ్చింది ఆయన చేతిమీదుగానే. మీరూ పిల్లల నోటినుంచే నేర్చుకోండి.

ఇంకో మాట. మా ఇళ్ల గోడలమీద బొమ్మలు పూజ చేసి వేసేవి. బడి అందంగా ఉంటుందని ఊరి పెద్దల్ని అడక్కుండా వేయించకండి.

అమ్మానాన్నల భయం నిజమే, మావాళ్లూ అలాగే అన్నారు. తెలుగు మానెయ్యట్లేదు, తొందరగా అర్థమవడానికే ఇది అని చెప్పండి.

సీతంపేట టీచర్:
మాస్టారికీ, భామిని తమ్ముడికీ నమస్కారాలు. ఇవాళ అక్క కూర్చుంది, పుల్లలు కట్టించాం. పదమూడో పుల్ల దగ్గర పాప ఆగి నావైపు చూసింది. నేనే "మిగ్గెల్‌బొయ్" అన్నాను. అలా కాదని తల ఊపి, నా చేత మూడుసార్లు పలికించింది. సంత రోజు తల్లిదండ్రులు కిందికి దిగుతారు, ఆ కట్టలు వాళ్లకీ చూపిస్తాను.