నాగార్జునకొండ లాంచీ అందాలంటే గుంటూరులో ఎన్నింటికి బయల్దేరాలి?

అమ్మతో కలిసి కారులో రెండు రోజుల్లో అమరావతి, నాగార్జునకొండ, విజయవాడ బాపు మ్యూజియం చూడాలని ప్లాన్. రెండుసార్లు దెబ్బతింది.

మొదటిసారి శుక్రవారం బయల్దేరాం. అమరావతి మ్యూజియానికి, నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారమే సెలవని గేటు ముందు నిలబడ్డాక తెలిసింది. తప్పు నాదే.

రెండోసారి శనివారం పొద్దున్నే అమరావతి వెళ్లాం. పూర్ణకుంభం చెక్కిన సున్నపురాతి పలక దగ్గర అమ్మ పావుగంట కదల్లేదు. రాతిలో ఆ తామర రేకుల నునుపు చూస్తే నాకూ కదలబుద్ధి కాలేదు లెండి. అక్కడే పదకొండు దాటింది. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా, మధ్యలో భోజనం చేసుకుని విజయపురి సౌత్ రేవుకు చేరేసరికి మూడున్నర. ఇక లాంచీ లేదన్నారు. మ్యూజియం ఉన్నది దీవి మీద, వేరే దారి లేదు.

ఈసారి తిరగేస్తున్నా: శనివారం ముందు నాగార్జునకొండ, ఆదివారం విజయవాడ. మ్యాప్ రోడ్డు టైమ్ చెబుతుంది గానీ లాంచీ టైమ్ చెప్పదు. నెట్‌లో నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది. అమ్మకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. రేవులో గంటలకొద్దీ కూర్చోబెట్టలేను.

ఈ మధ్య వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: శనివారం మొదటి లాంచీ ఎన్నింటికి కదులుతోంది?