"తేలింది" అంటే ఎంతవరకు తేలినట్టు?

మిత్రులకు నమస్కారం. ప్రభుత్వ విధానాల మీద పనిచేసే పరిశోధకులు మామూలు పాఠకుల కోసం రాసే వ్యాసాలను కొన్నాళ్లుగా తెలుగు చేస్తున్నాను. కనీస వేతనం, వాతావరణ మార్పు, ప్రభుత్వ అప్పు లాంటి విషయాలు. పారిభాషిక పదాల దగ్గర కష్టపడతాననుకున్నాను కానీ అవి ఎలాగోలా దొరుకుతున్నాయి. నన్ను నిజంగా ఇబ్బంది పెడుతున్నది అందరికీ తెలిసిన చిన్న క్రియ: "తేలింది".

"సర్వేలో తేలింది", "తాజా అధ్యయనంలో తేలింది". పేపర్ తెరిస్తే రోజూ కనిపించే మాటే. నేనూ అలవాటుగా రాసేదాన్ని. ఈమధ్య ఒకే వ్యాసంలో ఆరుసార్లు రాశాక అనుమానం వచ్చి మూలంతో పోల్చి చూసుకున్నాను. ఆ ఆరు చోట్లా రచయిత ఒకేలా చెప్పలేదు. ఒకచోట గట్టిగా చెప్పారు. ఒకచోట "ఇప్పటివరకు దొరికిన లెక్కలను బట్టి" అన్నారు. మరోచోట "అలా అనుకోవడానికి వీలుంది" అని ఆగారు. నా తెలుగులో మాత్రం అన్నీ ఒకే బరువుతో వచ్చాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీళ్లలో ఉన్నది పైకి రావడం తేలడం. అక్కడి నుంచే లెక్క తేలింది, కేసు తేలలేదు, ఇవాళ అటో ఇటో తేల్చుకుని వస్తాను అనే వాడుకలు వచ్చాయి. వీటన్నిటిలో ఇక సందేహం లేదు, మాట్లాడుకోవాల్సింది అయిపోయింది అనే భావం ఉంది. తేలని పంచాయితీ అంటే ముగియని పంచాయితీయే కదా. కాబట్టి "పరిశోధనలో తేలింది" అని చదివినవాళ్లు ఆ విషయాన్ని అక్కడితో మూసేస్తారు. అది చాలదన్నట్టు, తేలడం అకర్మక క్రియ. ఫలితం దానంతట అదే పైకి వచ్చినట్టు ఉంటుంది. ఏ దేశాల లెక్కలు తీసుకున్నారు, ఏవి వదిలేశారు, ఎవరు కూడారు అనేది ఆ వాక్యంలో ఎక్కడా కనిపించదు. "తేల్చారు" అంటే కనీసం ఎవరు తేల్చారని అడగడానికి చోటుంటుంది.

ఇది మాటల పట్టింపు మాత్రమే కాదని చెప్పడానికి ఒక సంగతి. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పత్రం ప్రచురించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో 20 సంపన్న దేశాల లెక్కలు తీసుకుని, ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటిన ఏళ్లలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని చూపించారు. ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని అమెరికాలో, యూరప్‌లో వాదించిన నాయకులు ఆ 90 శాతాన్ని ఒక గీతలా ఉదహరించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో (ఆమ్‌హర్స్ట్) పీహెచ్‌డీ విద్యార్థిగా ఉన్న థామస్ హెర్న్‌డన్, అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌తో కలిసి అవే లెక్కలు మళ్లీ చేశాడు. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు దేశాలు సగటులోకి రానేలేదు. కొన్ని దేశాల కొన్ని సంవత్సరాలు చేరలేదు. సగటు తీసిన తీరు మీద కూడా అభ్యంతరం చెప్పారు. వాళ్ల లెక్కలో అదే సగటు 2.2 శాతం వచ్చింది. స్ప్రెడ్‌షీట్ పొరపాటును మొదటి రచయితలు ఒప్పుకున్నారు, మిగతా విమర్శలను ఒప్పుకోలేదు. అప్పు ఎక్కువైతే వృద్ధి తగ్గుతుందన్న మాట మీదే నిలబడ్డారు. మరి 2010లో "తేలింది" అని రాసిన తెలుగు వాక్యం 2013లో ఏమైనట్టు? తేలినది మళ్లీ మునిగిందని రాయలేం. మొదటి వాక్యాన్నే కొంచెం తగ్గించి రాసి ఉండాల్సింది.

దీనికి ఎదురుగా, వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ నివేదికలు చూడండి. భూమి వేడెక్కడానికి మనుషుల పాత్ర ఎంత అనే ప్రశ్నకు 2001లో వాళ్లు వాడిన మాటకు అర్థం 66 శాతానికి పైగా అవకాశం ఉందని. 2007లో అది 90 శాతానికి పైగా అయింది. 2013లో 95 శాతానికి పైగా. 2021లో "సందేహానికి తావు లేదు" అన్నారు. ఇరవై ఏళ్ల పాటు ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు, ప్రతి మెట్టుకూ ఒక మాట పెట్టుకున్నారు. మనం నాలుగింటినీ "తేలింది" అని రాస్తే ఆ మెట్లన్నీ పోతాయి. నా దృష్టిలో "తేలింది" అనడానికి అర్హత ఉన్నది 2021 వాక్యానికే.

సరే, "తేలింది" బదులు "సూచిస్తోంది" రాద్దామా అంటే అక్కడ ఇంకో చిక్కు. తెలుగులో సూచించడమంటే సంకేతం ఇవ్వడం ఒకటి, సలహా ఇవ్వడం ఇంకొకటి. "కనీస వేతనం పెంచవచ్చని అధ్యయనం సూచించింది" అంటే లెక్కల్లో అలా కనిపించిందా, పెంచమని పరిశోధకులు చెప్పారా? విధాన పరిశోధకులు ఈ రెండు పనులూ చేస్తారు. ఉన్నది ఏమిటో చెబుతారు, చేయవలసింది ఏమిటో కూడా కొన్నిసార్లు చెబుతారు. మంచి పరిశోధకుడు ఆ రెంటి మధ్య గీత చెరగకుండా ఎంతో జాగ్రత్తపడతాడు. అనువాదంలో నేను దాన్ని చెరిపేయకూడదు.

మీరు ఏం వాడతారో చెప్పండి.

వ్యాఖ్య: మేడమ్, పత్రిక డెస్క్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి. శీర్షికలో "తేలింది"కి పట్టే చోటు "ఆధారాలు లభించాయి"కి పట్టదు. దురుద్దేశం ఏమీ లేదు.

జవాబు: తెలుసు అన్నయ్యగారూ. శీర్షికలో ఉంచినా, మొదటి పేరాలోనైనా "ఎంతమంది మీద, ఎక్కడ" అని ఒక్క వాక్యం ఉంటే చాలు.

వ్యాఖ్య: తప్పు తెలుగుది మాత్రమే కాదండీ. 1951లో యుగోస్లావియా మీద దాడి జరిగే అవకాశం గురించి అమెరికా గూఢచార సంస్థ అంచనాలో ఒక మాట వాడారు. "గట్టి అవకాశం ఉంది" లాంటిది. దాన్ని తయారు చేయించిన షెర్మన్ కెంట్ తర్వాత తన బృందాన్నే అడిగితే, ఒకరు నూటికి 20 అన్నారు, ఇంకొకరు 80 అన్నారు. ఒకే మాట మీద అందరూ కలిసి సంతకం పెట్టినవాళ్లు! ఇంకొకటి, మనకు "తేలిపోయింది" కూడా ఉంది. వాదన తేలిపోయిందంటే బరువు లేకుండా పోయిందని. ఒక్క "పో" చేరితే ఎంత తేడా.

జవాబు: ఆ "తేలిపోయింది" నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. కెంట్ సంగతి చూశాక నాకు అనిపిస్తున్నది ఏమిటంటే, మాట పక్కన అంకె కూడా పెట్టాలి. ఎక్కడ అంకె ఉంటే అక్కడ వదలకుండా రాస్తాను.

వ్యాఖ్య: "మొగ్గు" వాడి చూడండి అమ్మా. ఆధారాలు ఇటువైపు మొగ్గుతున్నాయి అంటే తక్కెడ ఇంకా కదులుతోందని తెలుస్తుంది. సలహా అనే అర్థం రాదు.

జవాబు: మాస్టారూ, ఇదే నేను వెతుకుతున్నది. ఒకే అధ్యయనమైతే "ఈ లెక్కల్లో కనిపించింది". చాలా అధ్యయనాలు ఒకవైపు ఉంటే "మొగ్గు". ఏళ్ల తరబడి స్పష్టత పెరుగుతూ వస్తుంటే "తేటపడుతోంది". చేయమని చెబితే "సిఫారసు చేశారు". "తేలింది"ని చివరి మెట్టుకు దాచుకుంటాను. రేపు పంపాల్సిన వ్యాసంలో మొదటి వాక్యం ఇప్పుడే మార్చాను: "కనీస వేతనం కొద్దిగా పెంచినంత మాత్రాన ఉద్యోగాలు పెద్దగా తగ్గలేదని ఈ లెక్కల్లో కనిపించింది, ఎక్కువగా పెంచితే ఏమవుతుందనేది ఇందులో చూడలేదు." పొడవైంది. అయినా ఇలాగే పంపుతున్నాను.