అప్‌డేట్: పవర్ బ్యాంక్‌తో నడిచే 4జీ రౌటర్ రీస్టార్ట్ సమస్య తీరింది

నుమాయిష్‌లో మా అక్క చీరల స్టాల్‌కి పెట్టిన పోర్టబుల్ రౌటర్ పవర్ బ్యాంక్ మీద మాటిమాటికీ ఆగి మళ్లీ ఆన్ అవుతోందని, ఇంట్లో మాత్రం బాగానే ఉంటోందని ఇక్కడ అడిగాను కదా. సమాధానమిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

దోషం కేబుల్‌ది. ఆ మాట ఇక్కడ ఒకరు ముందే చెప్పారు. సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ మార్కెట్)లో రిపేర్ చేసే అన్న పవర్ బ్యాంక్‌కీ రౌటర్‌కీ మధ్యలో యూఎస్‌బీ మీటర్ (వోల్టేజ్ చూపే చిన్న పరికరం) పెట్టి చూపించాడు. రౌటర్ ఊరికే ఉన్నప్పుడు 4.9 వోల్టులు, సిగ్నల్ కోసం గట్టిగా ప్రయత్నించినప్పుడల్లా 4.4కి జారుతోంది, అంత వోల్టేజ్ చాలక రౌటర్ ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. పొడవాటి సన్న కేబుల్‌లో కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది. సిగ్నల్ బలహీనమైతే రౌటర్ ఎక్కువ పవర్‌తో ప్రసారం చేయాలి, అందుకే ఇంట్లో రాని గొడవ స్టాల్ దగ్గర వచ్చింది. పొట్టి, మందపాటి కేబుల్ మార్చాక ఆ బాధ లేదు. స్కాన్ చేసి డబ్బు కట్టేవాళ్లు ఎదురుచూస్తుంటే అక్క పడే టెన్షన్ కూడా పోయింది.

సిమ్ మార్చడం, ఫ్యాక్టరీ రీసెట్ పనికిరాలేదు. కరెంటు తక్కువ లాగితే పవర్ బ్యాంకే ఆగిపోతుందన్నది నిజమే కానీ, మాది ఆ కేసు కాదు. మా రౌటర్ ఆగినా పవర్ బ్యాంక్ లైటు వెలుగుతూనే ఉండేది.

కొత్తగా పవర్ బ్యాంక్ కొనేవాళ్లకు: దాని మీద రాసే 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అనేది లోపలి 3.7 వోల్టుల సెల్ లెక్క, అంటే అందులో నిల్వ ఉండే శక్తి 74 వాట్ అవర్లు. 5 వోల్టులకు మార్చడంలో కొంత పోతుంది.