డామినో డామ్సెల్ తక్కిన చేపలను బతకనివ్వడం లేదు: రాళ్లు మార్చాలా, దాన్నే తీసేయాలా?

ప్రశ్న

నమస్కారమండీ. మాది విశాఖపట్నం. పద్నాలుగు నెలల క్రితం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో, అంటే దాదాపు 250 లీటర్ల నీటితో, ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టాను. అమ్మోనియాను మార్చే బాక్టీరియా స్థిరపడేదాకా గట్టి చేప నొకదాన్ని వేసి ఉంచమని దుకాణంలో చెబితే, రూపాయి బిళ్లంత డామినో డామ్సెల్‌ను తెచ్చి వదిలాను. నల్లటి ఒంటిమీద మూడు తెల్లచుక్కలతో అప్పుడెంతో ముద్దుగా ఉన్న ఆ చేప ఇప్పుడు మూడంగుళాలు దాటింది.

తర్వాత ఓసెల్లారిస్ క్లౌన్ జంటను, ఒక రాయల్ గ్రామాను, గత నెలలో ఒక ఫైర్‌ఫిష్‌ను చేర్చాను. డామినో గ్రామాను రాతి సందులోంచి బయటికి రానివ్వదు. క్లౌన్ జంటలో పెద్దదాని తోక రెక్క చీలికలైంది. ఫైర్‌ఫిష్ అయితే వెనక మూలలో నీటి పైభాగానికి అతుక్కుపోయి, మేత వేసినా దిగి రావడం లేదు. నిన్న రాత్రి టార్చి వేసి చూస్తే, దాని వెన్నుమీద జెండాకర్రలా నిలిచే పొడవాటి రెక్క మొదలంటా తెగి ఉంది. అది చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు.

రాళ్ల అమరిక మారిస్తే ఈ దాడి ఆగుతుందని చదివాను. అది నిజమేనా? డామినోను తీసేయక తప్పదంటే ఎలా పట్టాలో కూడా చెప్పండి, ఎందుకంటే వల నీళ్లలో పెట్టగానే అది రాళ్లలోకి దూరిపోతోంది. సముద్రం దగ్గరే కదా, రుషికొండలో వదిలేయమని మా తమ్ముడు అంటున్నాడు.

మొదటి జవాబు

ముందుగా, ఈ రోజే, ఫైర్‌ఫిష్‌ను వేరుచేయండి. మూలకు చేరి మేత మానేసిన చేప ఎక్కువ రోజులు నిలవదు. పైగా బెదిరినప్పుడు నీళ్లలోంచి పైకి ఎగిరే జాతి కనుక, తొట్టికి మూత లేకపోతే ఏదో ఒక ఉదయం అది నేలమీద ఎండిపోయి కనిపిస్తుంది. చిల్లులు పెట్టిన పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెను తొట్టి లోపలి గోడకు తగిలించి, అందులో ఒక చిన్న గొట్టం ముక్కను దాక్కోవడానికి వేసి ఉంచండి. నీరు మారదు, దెబ్బలు తగలవు, మేత తింటున్నదో లేదో మీకు కనిపిస్తూ ఉంటుంది.

ఇక డామినో సంగతి. డామ్సెల్ జాతులు చాలావరకు సముద్రంలో ఒక రాతినో పగడాన్నో ఆశ్రయించి ఆ కాస్త జాగాను ప్రాణప్రదంగా కాచుకుంటాయి. గుడ్లకు కాపలా ఉన్న మగచేపలైతే, దగ్గరికొచ్చిన ఈతగాడి వేళ్లను సైతం కరవబోతాయి. అక్కడ ఓడిన చేప నాలుగు గజాలు పారిపోతే తగాదా తీరిపోతుంది. మీ తొట్టిలో ఓడిన చేప ఎంత పారిపోయినా డామినో జాగాలోనే ఉంటుంది, ఎందుకంటే అందరికన్నా ముందు వచ్చి ఒంటరిగా తిరిగిన చేప నాలుగడుగులనూ తనదిగా చేసుకుంది. ఇది 14 సెంటీమీటర్ల దాకా పెరిగే జాతి, అంటే ఇప్పటికి సగమే పెరిగింది. వయసుతో దాని చుక్కలు మాసిపోతాయే గాని స్వభావం మెత్తబడదు. తీసేయమనే నా సలహా.

డామ్సెల్‌తో కొత్త తొట్టిని సిద్ధం చేసే పాత పద్ధతి ఇంకా చెలామణిలో ఉన్నందుకు నిజంగా బాధ కలుగుతోంది. పచ్చి రొయ్య ముక్కను కుళ్లనిచ్చినా, అమ్మోనియం క్లోరైడ్‌ను కొలిచి వేసినా బాక్టీరియాకు కావలసింది అందుతుంది. ఒక చేప మొప్పలు కాల్చవలసిన అవసరం లేదు.

రెండో జవాబు

నేను డాలస్‌లో ఆరడుగుల తొట్టి నడుపుతున్నాను. రాళ్లు మార్చడం వట్టి మాట కాదని మొదట చెప్పాలి. పసుపు ట్యాంగ్ ఉన్న తొట్టిలోకి, అదే జీబ్రసోమా ప్రజాతికి చెందిన ఊదారంగు ట్యాంగ్‌ను తెచ్చాను. ఆకారమూ మేతా ఒకటే అయిన చేపలు ఒకదాన్నొకటి ఓర్చుకోవు. పైగా ట్యాంగ్‌లకు తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది. పాత చేప పక్కకు తిరిగి తోక విసిరిన మరుక్షణం, కొత్తదాని ఊదారంగు ఒంటిమీద బ్లేడుతో గీసినట్టు తెల్లటి గీత తేలింది. వెంటనే కొత్తదాన్ని పెట్టెలోకి మార్చి పది రోజులు ఉంచాను. వదిలే రోజున రాళ్లన్నిటినీ కదిపి, దీపాలు ఆర్పిన తర్వాత వదిలి, మర్నాటి నుంచి తొట్టికి రెండు చివర్లా నోరి ఆకును, అంటే ఎండబెట్టిన సముద్రపు నాచును, మేతగా క్లిప్పులకు పెట్టాను. మూడు వారాల్లో తగాదా చల్లారింది.

అయితే అది అక్కడ ఫలించడానికి కారణం రెండూ దాదాపు సమబలం కలవి కావడం. రాళ్లు కదిపితే పాత హద్దులు చెరిగి అందరూ మళ్లీ మొదటి నుంచి జాగా వెతుక్కుంటారు. మీ తొట్టిలో ఆ వెతుకులాటలో కూడా డామినోయే గెలుస్తుంది. నాలుగైదు రోజుల ఊరట కోసం రాళ్లన్నీ పెకిలించి, ఇసుక అడుగున పేరుకున్న మురికిని రేపడం మంచిది కాదు.

ఒక చిన్న మాట. క్లౌన్ జంటలో చిన్నది, అంటే మగది, పెద్దదాని ముందు పక్కకు వాలి ఒళ్లంతా వణికిస్తూ కనిపిస్తే కంగారుపడకండి, అది లొంగుబాటు చూపే తీరు. చిరిగిన తోక శుభ్రమైన నీటిలో దానంతట అదే పెరుగుతుంది. రాగి కలిసిన మందులు మాత్రం ఆ తొట్టిలో వేయకండి, రొయ్యలూ పగడాలూ చచ్చిపోతాయి.

మూడో జవాబు

పట్టే ఉపాయం చెబుతాను. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా మెడ భాగాన్ని కోసి, మూత తీసి, తలకిందులుగా సీసాలోకే దూర్చి బిగించండి. మెడ రంధ్రం మీ చేపకు ఇరుకైతే కత్తిరించి పెద్దది చేయండి. లోపల చిన్న రాయి వేసి, డామినో తిరిగే చోట పడుకోబెట్టి, మూడు రోజులు మేతను దాని దగ్గరే వేయండి. నాలుగో రోజు బయట ఏమీ వేయకుండా లోపలే వేయండి. అలా చిక్కకపోతే, దీపాలు ఆరిన రెండు గంటలకు ఎర్రటి వెలుగుతో అది పడుకునే సందును గుర్తుపట్టి, ఆ రాయిని చేపతో సహా ఎత్తి బకెట్ నీటిలో పెట్టండి. వలతో వెంటపడితే తక్కిన చేపలు కూడా బెదిరిపోతాయి. అలా అలిసిన చేపలకే ఉప్పుకణాల్లాంటి తెల్లచుక్కల జబ్బు తొందరగా అంటుకుంటుంది.

రుషికొండలో మాత్రం దయచేసి వదలకండి. ఆ జాతి మన సముద్రానిదే కావచ్చు, కానీ దుకాణాల తొట్లలో దేశదేశాల చేపల నీళ్లు కలిసి ఉంటాయి, దానితోపాటు ఏ జబ్బు సముద్రంలోకి వెళుతుందో మనం చూడలేం. మన వైపు సముద్రాలకు చెందిన లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో కనిపించింది. పెంపకం తొట్లలోంచి వెళ్లిందని భావిస్తున్న ఆ చేప ఇప్పుడు కరీబియన్ అంతటా స్థానిక చేపలను తినేస్తోంది. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద చేపల తొట్టి ఉన్నవారికి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తర్వాత

అందరికీ కృతజ్ఞతలు. సీసాలోకి మొదట గ్రామా దూరింది, మర్నాడు క్లౌన్, అయిదో రోజు ఉదయం డామినో. ట్రిగ్గర్ చేపలను పెంచే ఒకాయన పెద్ద తొట్టిలోకి దాన్ని తీసుకున్నారు. గ్రామా ఇప్పుడు తొట్టి మధ్యదాకా వస్తోంది. ఫైర్‌ఫిష్ ఇంకా పెట్టెలోనే ఉంది, కానీ మూడు రోజులుగా ఆర్టీమియా (మేతగా వేసే చిన్న ఉప్పునీటి రొయ్యలు) తింటోంది. తెగిన రెక్క మొదట్లో గోరంత కొత్త ముల్లు కనిపిస్తోంది. దాన్నెప్పుడు వదలవచ్చు?

మొదటి జవాబు రాసినవారు

వారం రోజులు వరుసగా తిన్న తర్వాత, రాత్రివేళ, మూతకు ఉన్న ప్రతి సందూ సన్నని వలతో మూసి వదలండి. రెండో ఫైర్‌ఫిష్‌ను తోడుగా తేకండి. జంట కుదరని రెండు ఫైర్‌ఫిష్‌లు ఒక తొట్టిలో ఉంటే ఒకటి రెండోదాన్ని చంపేదాకా వెంటాడుతుంది.